సరంగు కుండలు

కార్తీక బహుళ విదియ

నీటిమట్టం నాలుగడుగుల రెండంగుళాలు. మంచినీళ్ళ తొట్టి ముప్పావు. ఉప్పు బ్యాటరీలు తొమ్మిదింటిలో ఏడు పనిచేస్తున్నాయి. మూడో వరుస ఇళ్ళను తేల్చే పీపాల్లో రెండు కారుతున్నాయి. మార్చకపోతే ఆ వరుస ఒక పక్కకి ఒరుగుతుంది.

ఇది తేలుడువాడ దినచర్య పుస్తకం. నీళ్ళు, కరెంటు, చావులు, పుట్టుకలు ఇందులో ఎక్కించడం బోధకుడి పని. ఇరవై రెండేళ్ళుగా కొల్లాటి పేర్రాజు అనే నేనే రాస్తున్నాను. బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. మా మతం పెట్టిన సరంగు పుస్తకాన్ని వాక్యం అంటాం, దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో అక్షరానికీ వేలు ఆనించి చదువు నేర్చుకున్నాను. అందుకని నా రాతలో వాక్యం అడుగడుక్కీ తగులుతుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఇవాళ రాయవలసింది ఇదీ. కుండల యాత్రకు నలభై మంది వెళ్ళారు. ముప్ఫైతొమ్మిది మంది తిరిగొచ్చారు.

ఈ పుస్తకం ఏడాదికోసారి మెరక మీది కచేరీకి పోతుంది. అక్కడివాళ్ళకు మా సంగతి తెలియదు గనక చెబుతున్నాను. మా నలభై ఇళ్ళలో ప్రతి ఇల్లూ ఆ ఏటి దుఃఖాన్ని ఒక కుండలో పెట్టి, మూతకు మైనం పూసి, సభలో నా పీఠం ముందు దించుతుంది. ఏ రూపంలో పెడతారో వాళ్ళిష్టం. నేను కుండలన్నీ కలిపేసి, ఒకరి కుండ ఇంకొకరి నెత్తిన పెడతాను. ఎవరిది ఎవరు మోస్తున్నారో తెలియదు. పాడుకుంటూ ఉప్పుటేరు వంతెన దాటి, పరదేశమైన ఆ ఒడ్డుకు పోయి, అక్కడి మా సభవాళ్ళ అడుగింట్లో, నేల కింది గదిలో, దించి వస్తారు. ఒకరి ఏడుపు ఇంకొకరు మోయడం, అంతే మా మతం. ‘ఎత్తమన్నది ఎత్తు, ఏముందని అడగకు. అడిగినవాడి బరువు రెట్టింపు.’ సరంగు పుస్తకంలో మూడో పోటు, అంటే మూడో అధ్యాయం, ఏడో వాక్యం. గొంతులో నెత్తురు వచ్చేదాకా బోధించాను ఈ వాక్యాన్ని.

వంతెన మీద హవల్దారు ఇన్నేళ్ళూ తలలు లెక్కపెట్టి, దణ్ణం పెట్టి వదిలేసేవాడు. ఈ ఏడు అక్కడ ఆరా అనే యంత్రాన్ని పెట్టారట. అది వాసన చూస్తుంది. ముప్ఫైతొమ్మిది కుండల్ని పోనిచ్చింది. మోకా నూకరత్నం కుండ దగ్గర గేటు పడింది.

సంగతి మోసుకొచ్చినవాడు నల్లి భాస్కరం. వాడికి చావు కబురు కూడా నవ్వుతూ చెప్పే అలవాటుంది, ఇవాళ మాత్రం నవ్వలేదు.

“గేటు దానంతటదే పడిపోయిందండి. ఆవిడ బుర్ర మీద పడుద్దేమోనని నేను లాగబోయేను. ఆవిడ కుండ వదల్లేదు.”

“ఏమంది?”

“ఏమనలేదండి. పాటాపలేదు.”

‘పడవ మునిగినా పాట ఆపకు.’ మొదటి పోటు. నిజం రాయాలి గనక రాస్తున్నాను, నాకు ముందు కలిగింది భయం కాదు, గర్వం.

తదియ

నీటిమట్టం నాలుగడుగుల ఒకటి. పీపా ఒకటి మార్చాం.

వరహాలు కట్టిచ్చిన చద్దన్నం పట్టుకుని పడవ మీద వంతెన ఠాణాకు వెళ్ళాను. వరహాలు నా భార్య. హవల్దారు సూర్యభగవాన్ పదిహేనేళ్ళుగా మా ఎండురొయ్యలు తిన్న మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి బోధకుడు గారూ. ఆ బల్ల మీద కాదు, దాన్ని ఆరా చూస్తా ఉంటది. ఇటు రండి.”

“ఏముందయ్యా ఆ కుండలో?”

“నాకూ చెప్పదండి. నిషేధించిన సరుకు అంది, అంతే. కుండ నింపినవాళ్ళు వచ్చి లోపల ఏముందో వాళ్ళ నోటితో చెప్పి ఒప్పుకోవాలంట. ముందే తెలిసిపోతే ఎవరో ఒకరు వచ్చి నాదే అంటారని దాని అనుమానం.”

“రాకపోతే?”

“పన్నెండు రోజులు గడువండి, నిన్నటితో కలిపి. త్రయోదశి పొద్దుగూకేలోపు ఎవరూ రాకపోతే మోసినవాళ్ళదే నేరం. ఏడేళ్ళు ఎండ శిబిరం.”

ఎండ శిబిరం అంటే మెరక మీద కోసుల కొద్దీ పరిచిన సూర్యపలకల్ని తుడిచే చోటు. అక్కణ్ణుంచి మనుషులు తిరిగొస్తారు. చూపు తిరిగిరాదు. నూకరత్నం వలలు బాగుచేసి బతుకుతుంది. కళ్ళు పోతే ఆమెకు ఏముంది?

కటకటాల వెనక కూర్చుని హవల్దారుగారి దోమతెర కుడుతోంది. నేను వాక్యం ఎత్తుకున్నాను. ఆమె తల వంచి విన్నది. అయ్యాక అడిగాను, ఆ కుండ మీద గుర్తేమైనా చూశావా అని.

“నెత్తినెట్టింది మీరే కదండి.”

“నేనే. కానీ ఎవరిదో నాకేం తెలుసు?”

“ఇచ్చిన చేతిని మరిచిపోమన్నారు కదండి అయ్యగారూ. మరిచిపోయేను.”

ఆమె భక్తితో అందో, దెప్పిపొడిచిందో నాకు అంతుపట్టలేదు. పడవలో వస్తున్నంతసేపూ ఆ గొంతే చెవిలో ఆడింది.

చవితి

నీటిమట్టం అదే. వాన లేదు. రెండో పీపా మార్చాం. భాస్కరం కాలి మీద పడేసుకున్నాడు, గోరు పోయింది.

పొద్దుటి సభలో రెండు గంటలు గర్జించాను, యంత్రాల మీద, వాసన చూసే ముక్కుల మీద, దేవుడి కుండకు గేటు వేసిన చేతుల మీద. అందరూ ఊగిపోయారు. ఇంటికొచ్చాక వరహాలు అంది, “అదంతా బానే ఉంది. కుండ ఎవరిదో మాత్రం తేల్లేదు.”

షష్ఠి

నీటిమట్టం నాలుగడుగుల మూడు. తొట్టి సగం.

ఇవాళ నేను చెయ్యకూడని పని చేశాను. సభలో నిలబడి అడిగాను, ఎవరెవరు కుండలో ఏం పెట్టారో చెప్పమని.

నీళ్ళు పీపాలకు కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి భాస్కరం కట్టు కట్టిన కాలితో లేచాడు.

“ఇరవై రెండేళ్ళు అడగొద్దన్న నోటితోనే అడిగితే ఎలాగండి. మాకు కొంచెం అలవాటవ్వాలి గదా.”

కొందరు నవ్వారు. ఆ నవ్వే తాళం తీసింది. వాడే మొదలుపెట్టాడు. “నాదైతే మా మావ చెప్పులండి. బతికున్నన్నాళ్ళూ వాటితోనే కొట్టేవాడు. పోయాక చూత్తే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీక కుండలో పడేసేను.”

ఒక తల్లి పొత్తిగుడ్డ పెట్టానంది. ఒక ముసలాయన తన దేశం మునగక ముందటి ఇంటి తాళంచెవి పెట్టానన్నాడు, “పదేళ్ళ నించీ పెడదామనుకుని ఈ ఏడే పెట్టేనండి” అని. ఒకావిడ తవుడు పెట్టానని ఒప్పుకుని, ఈ ఏడు నాకు ఏ దుఃఖమూ లేదు, సిగ్గేసి చెప్పలేదు అంది. సభంతా ఆవిణ్ణి అసూయగా చూసింది. ఏడ్చారు, నవ్వారు, ఒకరి భుజం మీద ఒకరు వాలారు. నేను ఇన్నేళ్ళు గర్జించి ఒక్కనాడూ తేలేనిది ఇవాళ వచ్చింది, అదీ వాక్యాన్ని మీరితే వచ్చింది. దీన్ని ఏ పోటులో వెతుక్కోను?

ముప్ఫైయేడు ఇళ్ళు చెప్పాయి. నిషేధించదగ్గది ఒక్కటీ లేదు. నూకరత్నం ఇక్కడ లేదు. తొమ్మిదో వరుస పల్లాలమ్మ మంచంలో ఉండి రాలేదు. మిగిలింది ఒక్క ఇల్లు.

“మరి మీదేంటండి?” అన్నాడు భాస్కరం.

నేను పాట ఎత్తుకున్నాను.

సప్తమి

కొలతలు సాయంత్రం వేస్తాను.

పొద్దున్నే వరహాలు అంబలి పోస్తూ అడిగింది. “నూకరత్నం మొగుడు ఆ రోజుల్లో ఏదో నల్లపొడి అన్నాడు గుర్తుందా?”

గుర్తు లేదన్నాను. గుర్తుంది. పాత పుస్తకాలు దింపాను. ఎనిమిదేళ్ళ కిందటి కార్తీకంలో నా చేతిరాతే ఉంది:

‘నీటిమట్టం మూడడుగుల తొమ్మిది. మోకా తాతారావు యాత్రలో కుండ మూత విప్పి, లోపల కాలిన బెల్లం వాసన గల నల్లపొడి ఉన్నదనీ, ఇది ఎవరి దుఃఖమనీ సభలో అడిగినాడు. మూడో పోటు ఏడో వాక్యం మీరినందుకు ఒక వానకాలం దాకా సభ నుంచి వెలి. తొట్టి నిండుగా ఉన్నది.’

వెలి అంటే ఎవరూ అతన్ని పడవలో ఎక్కించుకోకూడదు. మరుసటి శ్రావణంలో తాతారావు ఒంటరిగా వేటకు వెళ్ళాడు. పడవ మాత్రం వచ్చింది. తరువాతి పేజీల్లో ఎక్కడో ఉండాలి ఆ సంగతి. వెతికాను. ‘మోకా తాతారావు సముద్రంలో పోయినాడు. బ్యాటరీలు అన్నీ పనిచేయుచున్నవి.’

ఒకే పంక్తిలో రాశాను రెండూ.

మధ్యాహ్నం పల్లాలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎనభయ్యారేళ్ళు. కళ్ళు మసక. కూర్చోబెడితే కూర్చుంటుంది, వదిలితే ఒరిగిపోతుంది. ఆమె వసారాలో మూడు తొట్లలో బూడిద రంగు ఆకుల మొక్కలున్నాయి. ఇన్నేళ్ళూ వాటిని ఏదో కూరాకు అనుకున్నాను.

“పేర్రాజా? అడుగుల చప్పుడే అనుకున్నాను. ఎప్పుడూ పోట్లాటకొచ్చినట్టు నడుస్తావు.”

“నీ కుండలో ఏం పెట్టావు పిన్నీ?”

“ఏటా పెట్టేదే నాయినా. ఆ మొక్క వేళ్ళు ఎండబెట్టి, మాడ్చి, దంచి పెడతాను. మా అమ్మ అదే పెట్టేది. మా అమ్మమ్మా అదే. మన ఇంటి దుఃఖం ఇదేనే, ఇది మానకు అని చెప్పింది.”

“అదేమిటో ఎప్పుడూ అడగలేదా?”

“నువ్వే కదరా అడగొద్దన్నావు. నీకు ముందు బోధకుడిగా ఉన్న మీ మావ వద్దన్నాడు. ఎవర్నడగను?” దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. “ఆ పిల్లని అట్టేపెట్టేరంటగా. నన్ను తీసుకెళ్ళిపో. నాదేనని చెప్తాను. నాకెలాగా కళ్ళు లేవు, ఎండ శిబిరం నన్నేం చేస్తది?”

చేస్తుంది. పడవ ప్రయాణమే చాలు ఆమెకు. ఆ మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాను. ఈమెను అప్పగిస్తే హంతకుణ్ణి. అప్పగించకపోతే నూకరత్నానికి రెండోసారి ద్రోహిని. వాక్యం తెరిచాను. ఏ పేజీ తీసినా అడగకు అనే ఉంది.

నీటిమట్టం నాలుగడుగుల నాలుగు.

నవమి

నీటిమట్టం భాస్కరం చూశాడు, నాలుగడుగుల ఐదట. వాడి మాట నమ్మి రాస్తున్నాను.

ముసలివాళ్ళకు శిక్షలో మినహాయింపు ఉంటుందా అని అడగడానికి ఠాణాకు వెళ్ళాను. పేరు చెప్పదలచుకోలేదు. సూర్యభగవాన్ బుర్ర గోక్కుని, “అది నాకు తెలీదండి, దాన్నే అడగండి” అని నన్ను ఆ బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆరా గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. బావిలోంచి వచ్చినట్టుంది.

“మినహాయింపు లేదు. మీరు వచ్చినందుకు కృతజ్ఞతలు. నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి.”

“నాకూ ఉన్నాయి” అన్నాను.

“నూట పంతొమ్మిదేళ్ళ కిందటి కేసు ఒకటి చదువుతాను. వరదల తరువాత కరువు కాలంలో నిదరపొడి అనే మందును ఈ ఒడ్డున తయారుచేసి ఆ ఒడ్డున అమ్మిన ముఠా కేసు. ఆకలి తెలియకుండా నిద్రపోవడానికి జనం దాన్ని తినేవారు. చాలామంది లేవలేదు. రెండు దేశాల పోలీసులు కలిసి వెతికినా ముఠా దొరకలేదు. ఒక్కడు మాత్రం దొరికాడు. అతని దగ్గర ముఠా నియమాలు రాసిన పుస్తకం ఉంది. మొదటి నియమం: ఎత్తమన్నది ఎత్తు.”

“ఏముందని అడగకు” అన్నాను. నా నోరు దానంతటదే అంది. ఇరవై రెండేళ్ళుగా సభలో ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకోవడం మాకు ఊపిరి.

“రెండో నియమం: ఇచ్చిన చేతిని మరిచిపో.”

“పుచ్చుకున్న చేతిని చూడకు.”

“మూడోది: గట్టు మీది మనిషికి చెప్పినది.”

“గట్టు దాటుతుంది.” నోరు మూసుకుందామనుకుంటున్నాను, మూతపడదు.

“మీకు నియమాలన్నీ కంఠతా వచ్చునని నమోదు చేసుకున్నాను. ముఠా నాయకుణ్ణి సరంగు అనేవారు.”

సూర్యభగవాన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. సగం పంచె మీద పడ్డాయి.

ఆరా చెప్పుకుపోయింది. నలభై మంది నలభై కుండలు మోసేవారట. ముప్ఫైతొమ్మిదింట్లో చెత్త, ఒక్కదానిలో సరుకు. మోసేవాడికే తెలియకపోతే కొట్టినా చెప్పలేడు. మొన్న ఆ ఒడ్డు పోలీసులు అడుగిల్లు తెరిచారట. నాలుగువేల పైచిలుకు కుండలున్నాయి. ఏడాదికొక్కటి చొప్పున సరుకు కుండలు, మైనం చెదరకుండా, వరసగా. ఒక్కటీ ఎవరూ ముట్టలేదు. అక్కడి బోధకురాలిని అడిగితే ‘దించమన్నది దించు, ఎవరికని అడగకు’ అని పాడిందట.

“కొన్నవాళ్ళు లేరు. అమ్మినవాళ్ళు లేరు. నూట పంతొమ్మిదేళ్ళుగా ఒక్కడు కూడా ముఠాకు ఎదురు మాట్లాడలేదు. ఇంత క్రమశిక్షణ ఉన్న ముఠా నా రికార్డుల్లో మరొకటి లేదు. దీనివల్ల లాభం ఎవరికి?”

“నాకూ తెలుసుకోవాలని ఉంది” అన్నాను. అది నిజం.

“నా సందేహాలు చిన్నవి. సరుకు పోగుచేసేది ఎవరు?”

“నేను.”

“పంచేది?”

“నేనే.”

“అడగవద్దని ఆజ్ఞ పెట్టేది?”

“...నేనే.”

“ఎదురు మాట్లాడినవాడు ఒక్కడూ లేడని చెప్పాను. సరిచూస్తున్నాను. ఎవరైనా అడిగారా?”

“ఒకడు అడిగాడు. ఎనిమిదేళ్ళ కింద.”

“అతను ఏమయ్యాడు?”

“సముద్రంలో పోయాడు.”

“పాత కేసులోనూ అంతే. అడిగినవాణ్ణి ఒంటరిగా సముద్రం మీదికి పంపేవారు. నాయకుడు ఎవరన్నది నాకు ఇక సందేహం లేదు. గడువులోపు ఆయన ఒప్పుకోవడమే మిగిలింది.”

నేను దొంగల నాయకుణ్ణా? నేను పొడిని చూసినవాణ్ణి కాను, రూపాయి తాకినవాణ్ణి కాను. కానీ అది అడిగిన ప్రతిదానికీ నేనే అన్నాను, ఒక్కటీ అబద్ధం కాదు. పడవ మీద తిరిగొస్తూ సరంగును తిట్టబోయాను. తిట్టడానికి నోరు తెరిస్తే ఆయన వాక్యమే వచ్చింది. నాకున్న మాటలన్నీ ఆయన ఇచ్చినవే.

ద్వాదశి

నీటిమట్టం నాలుగడుగుల ఐదు. తొట్టిలో పావు. రేపు గడువు.

ఈ మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ వరహాలుకు చెప్పాను. చేపలు తోముతూ విన్నది, చెయ్యి ఆపలేదు.

“అయితే సరంగు దొంగ.”

“దొంగే కాదు. జనాన్ని చంపినవాడు.”

“మా అమ్మ కాలం చేసిన ఏడు ఆవిడ దువ్వెన మా పుట్టింటి కుండలో పెట్టేను. దానికి ఆవిడ వెంట్రుకలున్నాయి. ఎవరో మోసేరు. ఎవరు మోసేరో తెలీదు గానీ ఆ రోజు నాకు అన్నం సయించింది. అది దొంగతనమా?”

“కాదు.”

“మరి?”

“తెలియదు వరహాలూ.”

“ఇన్నేళ్ళలో మీ నోట ఆ మాట వినలేదు” అంది. చేప కడిగి పళ్ళెంలో పెట్టింది. “ఒకటి చెప్పండి. దొంగలకైనా ఒక రివాజుందా, దొరికిపోయినవాడి తరఫున పెద్దవాడు వెళ్ళడం?”

లేదు. వాక్యమంతా మళ్ళీ చదివాను, ఏడు పోట్లూ, మొదటి అక్షరం నుంచి. మోసేవాడు ఏం చెయ్యాలో ఉంది. నింపేవాడు ఏం చెయ్యాలో ఉంది. సరంగు ఏం చెయ్యాలో ఎక్కడా ఒక్క ముక్క లేదు.

త్రయోదశి

నీటిమట్టం నాలుగడుగుల ఆరు. ఈ పుస్తకం రేపటి నుంచి వరహాలు రాస్తుంది. అక్షరాలు నా దగ్గరే నేర్చుకుంది, నాకన్నా గుండ్రంగా రాస్తుంది. ఈ కింది సంగతి ఠాణాలో హవల్దారు ఇచ్చిన కాగితం మీద రాసి పంపుతున్నాను. ఆమె అతికించాలి. పల్లాలమ్మ పేరున్న పేజీలు కచేరీకి పోకుండా ఆమే తీసెయ్యాలి.

పొద్దున్నే సభ పెట్టి ఆరా చెప్పినదంతా చెప్పేశాను. దాచింది ఏమీ లేదు, పల్లాలమ్మ పేరు తప్ప. తాతారావు పేరు ఎత్తి, వెలివేసింది నేనేనని చెప్పాను. సభలో ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. నాతో రేవుదాకా వచ్చారు. ఏ పాట పాడాలో తెలియక ఊరికే నడిచారు.

ఆరా ముందు కూర్చున్నాను. కుండ నాది అనలేదు, అది అబద్ధం. లోపల ఏముందో చెప్పాను: మాడ్చి దంచిన వేళ్ళ పొడి, నల్లగా ఉంటుంది, కాలిన బెల్లం వాసన వస్తుంది. పోగుచేసింది నేను, పంచింది నేను, అడగొద్దన్నది నేను, అడిగినవాణ్ణి వెలివేసింది నేను అన్నాను.

“నింపినవాళ్ళ పేరు?”

“పెద్దవాణ్ణి నేనే అన్నావు కదా. పెద్దవాడు దొరికాక చిన్నవాళ్ళతో పనేమిటి?”

కాసేపు లోపల ఏదో తిరిగిన చప్పుడు. “చట్టంలో అలాగే ఉంది. నాయకుడు ఒప్పుకుంటే మిగిలినవాళ్ళు పనివాళ్ళ కింద లెక్క. వాళ్ళని విడుదల చేస్తున్నాను. కానీ మీరు చెప్పినదానిలో లాభం ఎవరికన్న ప్రశ్నకు జవాబు లేదు. కేసు ఆ ఒక్క చోట ఖాళీగా ఉంటుంది.”

“ఉండనీ” అన్నాను.

సూర్యభగవాన్ తాళం తీశాడు. నా వేలిముద్ర వేయించుకుని, వేలికంటిన సిరా అతనే తుడిచాడు. నూకరత్నం బయటికొచ్చింది, నేను లోపలికెళ్ళాను. గడప దగ్గర ఇద్దరం ఆగాం. దోమతెర చక్కగా మడిచి బల్ల మీద పెట్టింది.

“నీ మొగుడు అడిగింది సరైన మాటే” అన్నాను. “ఆ రోజు నేను వినుంటే అతను బతికుండేవాడు.”

సూర్యభగవాన్ దగ్గాడు. ఆమె కదల్లేదు.

“ఆయన చనిపోయినేడు యాత్రలో నాకెవరి కుండొచ్చిందో తెలుసాండి?”

“ఎలా తెలుస్తుంది?”

“మీదండి. తేలిగ్గా ఉంది. గాలి తప్ప ఏం లేదు. నా మొగుడు పోయినేడు కూడా మీ కుండలో ఏం లేదు.”

కటకటాల ఊచ పట్టుకున్నాను. “నాదని నీకెలా తెలుసు?”

“అందరికీ తెలుసండి. నిండుకుండ చప్పుడు చెయ్యదు కదా. పీఠం ముందు మీరు దించినప్పుడు ప్రతేడూ ఠంగుమంటది. ఆ కుండ ఎవరికొచ్చినా, ఈ ఏడు నాకు సుకం అనుకునేవోళ్ళు. నేనైతే అనుకోలేదు.”

“ఇరవై రెండేళ్ళు. ఒక్కరైనా నన్ను అడగలేదే?”

“అడక్కూడదు కదండి అయ్యగారూ” అంది నూకరత్నం.

కొంగు సర్దుకుని వంతెన మెట్లు దిగి వెళ్ళిపోయింది. రేవులో భాస్కరం పడవ ఉంది.

చతుర్దశి

ఇదీ అతికించవలసిన కాగితమే. ఇక్కణ్ణుంచి నీటిమట్టం కనపడదు. పోటు వచ్చినప్పుడు వంతెన కింద చప్పుడు మారుతుంది, అంతే.

మెరక మీదికి తీసుకుపోయే బండి ఎల్లుండి వస్తుందట. వాక్యం నా దగ్గరే ఉంచారు, సాక్ష్యం కింద దానికొక నకలు తీసుకున్నారు. పొద్దున ఒకసారి తెరిచాను. ఇది దొంగల పుస్తకం అనుకుని చదివాను. తరువాత వరహాలు దువ్వెన గుర్తొచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. రెండుసార్లూ అవే అక్షరాలు.

భోజనం తెచ్చినప్పుడు సూర్యభగవాన్‌ను ఒక కుండ కావాలని అడిగాను, మూతతో.

“తెస్తానండి. ఏం పెడతారు?” అని, నాలిక్కరుచుకున్నాడు.

“ఫరవాలేదు, అడుగు” అన్నాను.

“ఎంత కుండ కావాలండి మరి?”

చేతులతో చూపించబోయాను. ఒకసారి ఇంత అని చూపించాను. అది చాలదనిపించి ఇంకాస్త వెడల్పు చేశాను. అతను గుమ్మంలో పళ్ళెం పట్టుకుని చూస్తున్నాడు. నా చేతులు ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.